పాచికి పట్టాభిషేకం

గంటవరం మునిసిపాలిటీ ఈతకొలనుకు సూపర్‌వైజరు పైడయ్య. ఆయనకు ఈత రాదు. ఆ ఉద్యోగానికి ఈత వచ్చి ఉండాలని రూల్సులో ఎక్కడా లేదు కాబట్టి ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. గట్టు మీద నిలబడినంతసేపూ ఆయనకు నీళ్లంటే భయం లేదు. భయమల్లా కుక్కలంటేనే. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇంటిపన్ను నోటీసు ఇవ్వబోతే ఆ ఇంటి కుక్క పిక్క పట్టుకుంది. బొడ్డు చుట్టూ పొడిపించుకున్న సూదులు ఆయనకు ఇప్పటికీ కలలోకి వస్తాయి. వీధి మొదట్లో కుక్క కనబడితే చాలు, ఎంత దూరమైనా చుట్టు తిరిగి వెళ్తాడు.

అలాంటి మనిషిని పిలిచి, ఏప్రిల్ ఒకటో తారీఖుకల్లా కొలను తెరవకపోతే కుక్కల విభాగానికి బదిలీ చేస్తానని కమిషనర్ ఉమాకాంత్ గారు చల్లగా చెప్పారు. ఆయన తప్పేమీ లేదు. పలకలు మార్చే పని పేరుతో కొలను ఎండబెట్టి రెండు వేసవులు గడిచాయి. పొద్దుటి ఆడవాళ్ల బ్యాచికి నాయకురాలు, రిటైరైన డ్రిల్లు టీచరు భానుమతమ్మ, ప్రజావాణి జరిగే ప్రతి సోమవారమూ వచ్చి ముందు వరుసలో కూర్చునేది. బ్యాచిలో అందరికీ మోకాళ్ల నొప్పులే, అందరికీ డాక్టర్లు చెప్పింది ఈతే. వాళ్లంతా మెట్లెక్కలేక మూలుగుతూ పై అంతస్తులోని ఆయన గదికి వస్తుంటే, ఆ మూలుగులు ముందే విని కమిషనర్‌గారికి తలనొప్పి మొదలయ్యేది.

పైడయ్య రాసిపెట్టి ఉన్నది ఎలా ఉంటుందో చూద్దామని ఓ సాయంత్రం కుక్కల విభాగం దాకా వెళ్లి గేటు సందులోంచి తొంగి చూశాడు. ఊరి చివర చెత్త యార్డు వెనక ఓ పెద్ద ఆవరణ. ఆవరణ నిండా కుక్కలు. నడిమధ్య అవి తాగడానికి కట్టిన సిమెంటు తొట్టి, అందులో పుదీనా పచ్చడి లాంటి నీళ్లు. ఒక నల్ల కుక్క ఆయన్ని చూసి మొరగలేదు, తోక ఊపింది. అది మరీ భయంకరంగా తోచింది. ఇంటికి వచ్చేసరికి ఒళ్లు కాలిపోతోంది.

జ్వరం తగ్గగానే పనిలోకి దిగాడు. బోరు నీళ్లతో కొలను నింపించాడు. బ్లీచింగు పౌడరు మంజూరు ఫైలు మాత్రం ఎవరి బల్ల మీదో సంతకం కోసం ఎదురుచూస్తూ ఉండిపోయింది. మార్చి ఎండ ఫైళ్ల కోసం ఆగదు. నీళ్లు ముందు లేత కొబ్బరినీళ్ల రంగుకు తిరిగాయి, తర్వాత గట్టు పక్కన జారుడు పట్టింది, తర్వాత అడుగున ఉన్న కొత్త పలకలు కనబడడం మానేశాయి. వారం తిరిగేసరికి కొలను మొత్తం చిక్కటి పాచి. కప్పలు కూడా కాపురానికి వచ్చాయి.

చూడడానికి వచ్చిన భానుమతమ్మ గట్టు మీద నిలబడి అంతా పరికించి, "ఏటి పైడయ్యా, ఇది కొలనా, తోటకూర మడా?" అని అడిగింది.

పైడయ్య ఏమీ కంగారు పడలేదు. ఎప్పుడో రాజధానిలో శిక్షణకు పంపినప్పుడు నేర్పిన వైద్యం ఆయనకు గుర్తుంది. కొత్తగా నింపిన బోరు నీటికి క్షారగుణం ఎక్కువ. ముందు ఎర్రమందు చుక్కలు వేసి చూసి, యాసిడ్ కలిపి దాన్ని దించాలి. లేకపోతే ఎంత బ్లీచింగు వేసినా దండగ. గోడలకు పట్టిన పాచిని చీపుళ్లతో గీకాలి. పంపు ఆపకుండా తిప్పాలి. సాయంత్రం ఎండ దిగాక బ్లీచింగు దండిగా దట్టించాలి. చచ్చిన పాచి అడుక్కి దిగడానికి కాస్త పటిక వేయాలి. అంతే, నీళ్లు తేటపడతాయి. ఆ బ్లీచింగు కాస్తా చేతికి వస్తే కుక్కల బెడద వదిలినట్టేనని ఆయన ధీమా.

సరిగ్గా అప్పుడే గంటవరానికి పచ్చదనం పూనింది.

రాష్ట్రంలోని పట్టణాలన్నిట్లో పచ్చదనం ఎక్కడ ఎంత ఉందో ఆకాశం నుంచి ఫొటోలు తీసి మార్కులు వేస్తున్నారు. కిందటేడు గంటవరం అట్టడుగున నిలిచింది. నిండు సభలో లేపి నిలబెట్టి అడిగితే కమిషనర్‌గారు నీళ్లు నమిలారు. తిరిగొచ్చి మొక్కలు నాటించారు, వాటిని ఆవులు తిన్నాయి. ఆవులను తోలించారు, మేకలు వచ్చాయి. ఈసారి కొత్త ఫొటో వచ్చినప్పుడు ఎవరికీ దాన్ని తెరిచి చూసే ధైర్యం లేకపోయింది. తెరిచిన హరిత విభాగం అధికారి డాక్టర్ కాదంబరి గారు మాత్రం కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. బూడిదరంగు ఊరు మధ్యలో, కొలత పెట్టి కోసినట్టు, నిగనిగలాడే ఆకుపచ్చ దీర్ఘచతురస్రం ఒకటి కనబడింది. అంత చిక్కని పచ్చదనం అడవుల్లో కూడా లేదట.

అది ఏ తోటో ఎవరికీ తెలియలేదు. ఆఫీసులో ఉన్నవాళ్లంతా తలా ఒక వీధీ వెతికారు. చివరికి వెతుక్కుంటూ వెతుక్కుంటూ జీపు ఈతకొలను గేటు ముందు ఆగింది.

"అది పాచండీ బాబూ. నీలు నిలవుంటే పట్టేస్తాది," అన్నాడు పైడయ్య వినయంగా.

"పాచి అనేది అవైజ్ఞానిక పదం," అన్నారు కాదంబరి గారు, నల్లకళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకుంటూ. "ఇది జలగత హరిత ఆచ్ఛాదన. స్వయంభువు. ఎవరూ నాటకుండా, ఎవరూ పోషించకుండా, పరిపాలన మీద ఎలాంటి భారమూ మోపకుండా తనంతట తాను అవతరించింది."

మర్నాటికి ఉత్తర్వు వచ్చింది. పట్టణ పరిధిలో సహజంగా ఉద్భవించిన ఏ హరిత జీవరాశినైనను ఛేదించుట, పెకలించుట, ఎండగట్టుట, లేదా అట్టి దురుద్దేశముతో దానివైపు చూచుట శిక్షార్హమని అందులో ఉంది. ఆ సాయంత్రమే కొలను చుట్టూ ఇనుప చట్రం దిగింది. మామూలుగా మొక్క చుట్టూ పెట్టేదే, ఇది కాస్త పెద్దది. నీళ్లలోకి గెంతే పలక దగ్గర 'పచ్చికపై నడవరాదు' అని బోర్డు పాతారు. బ్లీచింగు ఫైలును ఆయుధాల ఫైలుగా పరిగణించి లోపలపెట్టి తాళం వేశారు.

పైడయ్య వెళ్లి కమిషనర్‌గారి ముందు చేతులు కట్టుకున్నాడు. ఒకటో తారీఖుకు కొలను తెరవమన్నారు, పాచి తియ్యొద్దన్నారు, పాచి తియ్యకపోతే కొలను ఎలా తెరవాలో సెలవివ్వమన్నాడు.

"రెండు ఆర్డర్లూ నేనే ఇచ్చానయ్యా," అన్నారు కమిషనర్‌గారు. "నా ఆర్డర్లు ఒకదానికొకటి అడ్డం రావు. అమలు చేసేవాడి దృక్పథంలో లోపముంటే ఉండొచ్చు. ఒకటో తారీఖు మాట మాత్రం మారదు."

పోనీ పాచిలోనే ఈదమంటారా అని అడిగాడు పైడయ్య. పచ్చిక మీద నడవకూడదని బోర్డు ఉండగా అందులో ఈదడం ఎలా కుదురుతుందని పక్కనే కూర్చున్న కాదంబరి గారు ఎదురు ప్రశ్న వేశారు. పైడయ్య ఇంటికి పోయి, కుక్కలు కరవని బట్ట ఏదైనా దొరుకుతుందేమో కనుక్కోమని భార్యకు చెప్పాడు. గోనెసంచి దొరుకుతుందని ఆవిడ చెప్పింది.

ఇక హరిత సంరక్షణ మొదలైంది. మునిసిపాలిటీలో మొక్కల పెంపకానికి మార్గదర్శకాలు ఉన్నాయి. ఇన్నాళ్లూ మొక్కలే లేక అవి ఖాళీగా కూర్చున్నాయి. ఇప్పుడు ఒక్కసారిగా అన్నిటికీ పని దొరికింది.

మొదటిది భూసార పరీక్ష. కొలనులో భూమి లేదని పైడయ్య మనవి చేసుకున్నాడు. అయితే ఉన్నదాన్నే పరీక్షించమన్నారు. ఎర్రమందు చుక్కలు వేస్తే నీళ్లు ముదురు గులాబీ రంగుకు తిరిగాయి, అంటే క్షారగుణం తలకెక్కి ఉంది. ఇంత చౌడులో సుకుమారమైన హరితం ఎలా బతుకుతోందని కాదంబరి గారు కంటతడి పెట్టుకున్నారు. తటస్థ స్థితికి తెమ్మని రాసిచ్చారు. పైడయ్య తెచ్చాడు. యాసిడ్‌కు మాత్రం అడ్డేమీ లేదు, ఉత్తర్వులో దాని పేరు లేదు.

రెండోది నీళ్లు పోయడం. ప్రతి మొక్కకూ రోజూ నీళ్లు పోయాలి, పోసినట్టు సూపర్‌వైజరు సాక్ష్యం చెప్పాలి. నీళ్లలో ఉన్నదానికి నీళ్లు ఎలా పోయాలన్నది కాసేపు చర్చకు వచ్చింది. చివరికి పంపు వేసి కొలను నీళ్లను కొలనుకే పోస్తూ ఉండమని తేల్చారు. పంపుకు వడపోత యంత్రం తగిలించి ఉన్న సంగతి ఎవరూ అడగలేదు. అది రాత్రింబవళ్లు తిరగసాగింది.

మూడోది పాదులు చేసి మట్టి గుల్ల చేయడం. పొడుగాటి చీపుళ్లతో పనివాళ్లు వచ్చి, మట్టి కోసం కొలను గోడలూ అడుగూ గీకి గీకి వెతికారు. మట్టి దొరకలేదు. పాచి మాత్రం పట్టు వదిలి నీళ్లలో కలిసిపోయి ఇంకా పచ్చగా కనబడింది. కాదంబరి గారు ఏపుగా ఎదుగుతోందన్నారు.

ఈ వైభవం విని పక్క ఊరి కమిషనర్ చూడ్డానికి వచ్చాడు. చాలాసేపు గట్టున నిలబడి, "మీ అదృష్టం సార్, ఎంత పచ్చగా ఉందో," అని పెద్ద నిట్టూర్పు విడిచి వెళ్లాడు. ఆ రాత్రి ఉమాకాంత్ గారికి నిద్ర పట్టలేదు. తెల్లారగానే దిష్టి తీయించాలన్నారు. గుమ్మడికాయ కొడదామంటే అది పచ్చగా ఉంటుంది కాబట్టి ఉత్తర్వు ప్రకారం ఛేదించుటకు వీల్లేదు. నిమ్మకాయకూ అదే ఆటంకం. మిగిలింది పటిక. గుమ్మానికి కట్టినట్టు ఎర్రగుడ్డలో పటిక ముక్క మూటగట్టి కొలను నిచ్చెనకు నీళ్లను తాకేలా వేలాడదీశారు. పొద్దున్నకి మూటలో పటిక లేదు, కరిగిపోయింది. దిష్టి అంత ఘోరంగా తగిలిందన్నమాట అని ఆఫీసంతా గుండెలు బాదుకుంది. ఇంకా పెద్ద ముక్క కట్టారు. అదీ కరిగింది. చివరికి కిరాణా కొట్లో ఉన్న పటికంతా మోసుకొచ్చి నాలుగు మూలలా వేలాడదీశారు.

ఇంతలో కబురు వచ్చింది. రాష్ట్ర పచ్చదనం పోటీల పరిశీలన బృందం గంటవరానికి వస్తోంది. ఏప్రిల్ ఒకటిన.

కమిషనర్‌గారు ఎగిరి గంతేసినంత పని చేశారు. బృందం గట్టున నిలబడి చూసి పోతే సరిపోదన్నారు. పచ్చదనం మధ్యలోంచి విహరించాలన్నారు. చేపలు పట్టేవాళ్ల దగ్గర ఒక నాటుపడవ తెప్పించారు. దారి పటం గీశారు. గేటు దగ్గర కారు దిగుట, కొలను గట్టు వరకు నడుచుట, పడవ నెక్కి కొలను ఈ చివరి నుంచి ఆ చివరి వరకు హరితం నడుమ ప్రయాణించుట, అవతల వేదిక నెక్కుట. పటం కింద సంతకం పెట్టి అన్ని విభాగాలకూ తలా ఒకటి పంపించారు.

శానిటరీ ఇన్‌స్పెక్టర్ జోగారావుకు అందింది కూడా ఆ పటమే.

జోగారావు ఉద్యోగ జీవితం మొత్తం ఒక్క వాక్యం మీద నడుస్తుంది. వీఐపీ వెళ్లే దారి పొడవునా ఇరువైపులా బ్లీచింగు గీతలు వేయవలెను. ఏ ఊళ్లోనైనా అంతే కదా, రోడ్డు పక్కన తెల్లగీత కనబడితే ఎవరో పెద్దమనిషి వస్తున్నాడని పిల్లలకు కూడా తెలుస్తుంది. ఒకసారి మంత్రిగారి రాకకు మురిక్కాలువ మలుపులో గీత తప్పిపోయి జోగారావు సస్పెండయ్యాడు. అప్పట్నుంచి ఆయనకు గీతంటే ప్రాణం. కూతురి పెళ్లిలో మగపెళ్లివారు వచ్చే దారికి కూడా తన చేత్తోనే రెండు వైపులా వేశాడు.

మార్చి ఆఖరి సాయంత్రం, ఎండ దిగాక, జోగారావు లారీడు బస్తాలతో కొలనుకు వచ్చాడు. ఆయన వాటా బ్లీచింగు వేరే పద్దులోది, దానికి తాళం పడలేదు. గేటు నుంచి గట్టు దాకా గీతలు చక్కగా వచ్చాయి. గట్టు మీద ఆగి పటం చూసుకున్నాడు. దారి నీళ్లలోంచి పోతోంది. ఆయన తొణకలేదు. పడవ ఎక్కి, తాడు పట్టి సూటిగా, పడవ పోయే దారికి ఇరువైపులా నీళ్ల మీద గీత వేయించాడు.

గీత మునిగిపోయింది.

మళ్లీ వేయించాడు. మళ్లీ మునిగింది. కూలీలు ఆయన మొహం చూశారు. అప్పుడే వచ్చిన పైడయ్య గట్టు దగ్గర ఆగి, ఇదేం పని అని అడగబోయాడు.

"గీత కనబడాల గురూ," అన్నాడు జోగారావు చెమట తుడుచుకుంటూ. "అది కనబడకపోతే రేపట్నుంచి నేను కనబడను."

ఇంకో బస్తా కోశారు. ఘాటు పైడయ్య ముక్కుకు కొట్టింది. ఎన్నాళ్లకో వినబడ్డ చుట్టం గొంతులా ఉంది ఆ వాసన. గట్టు మీద అలాగే నిలబడిపోయి ఆయన మనసులోనే వేళ్లు మడిచాడు. యాసిడ్ అయ్యింది, భూసారం కింద. గోడలు గీకడం అయ్యింది, పాదుల కింద. పంపు తిరుగుతోంది, నీళ్లు పోసే పద్దు కింద. పటిక పడింది, దిష్టి కింద. ఇప్పుడు ఎండ దిగాక బ్లీచింగు, స్వయానా కమిషనర్‌గారి సంతకం కింద. శిక్షణలో నేర్పిన వైద్యం మొత్తం, ఆ పాచిని ప్రాణంలా చూసుకుంటున్నవాళ్లే దగ్గరుండి చేయించారు. ఆయన చేసిన నేరం ఒక్కటీ లేదు.

నోరు తెరిస్తే ఆపించాలి. మూసుకుంటే కొలను తెరుచుకుంటుంది. పైడయ్య నోరు గట్టిగా మూసుకున్నాడు. జోగారావు గీత కనబడేదాకా వేయిస్తూనే ఉన్నాడు, బస్తాలు అయిపోయేదాకా అది కనబడలేదు. ఇంటికి పోయి పైడయ్య కడుపునిండా అన్నం తిని, గోనెసంచి కుట్టే పని ఆపమని భార్యకు చెప్పి పడుకున్నాడు.

తెల్లారింది. కొలను నీలంగా ఉంది.

అంత నీలం పాపం గంటవరం ఏనాడూ చూసి ఎరగదు. అడుగున తెల్లపలకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకోవచ్చు. నాటుపడవ గాల్లో తేలుతున్నట్టుంది. ఒకటో తారీఖు కాబట్టి భానుమతమ్మ తన బ్యాచిని వెంటేసుకుని టంచనుగా దిగింది. ఇనుప చట్రం గేటు తీసుకుని, బోర్డు మీద తువ్వాళ్లు ఆరేసి, అందరూ నీళ్లలోకి దిగారు. సరిగ్గా అప్పుడే కార్లు వచ్చాయి.

పరిశీలన బృందం అధ్యక్షురాలు పూలగుత్తి పట్టుకుని గట్టు మీదకు వచ్చి నిలబడ్డారు. ఎదురుగా నీలాకాశం లాంటి నీళ్లు, వాటిలో మోకాళ్ల నొప్పులు మరిచిపోయి కేరింతలు కొడుతున్న పెద్ద వయసు ఆడవాళ్లు. ఆవిడ చేతిలో ఉన్న ఆకాశపు ఫొటోను ఒకసారి చూసుకుని, పచ్చదనం ఎక్కడుందని అడిగారు.

కాదంబరి గారు నల్లకళ్లద్దాలు పెట్టుకుని, తీసి, మళ్లీ పెట్టుకున్నారు. జోగారావు మాత్రం నిశ్చింతగా ఉన్నాడు, గేటు దగ్గర గీతలు చెక్కుచెదరలేదు. కమిషనర్‌గారి చూపు మెల్లగా తిరిగి తిరిగి పైడయ్య మీద ఆగింది. ఆ చూపులో నల్ల కుక్క కనబడింది పైడయ్యకు. బతికి బయటపడాలని నోటికి ఏది వస్తే అది అనేశాడు.

"మార్చామండి. మొదలంటా తీసి వేరే సోట నాటామండి."

కమిషనర్‌గారికి ప్రాణం లేచొచ్చింది. "స్థాన మార్పిడి," అన్నారు వెంటనే. "హరిత సంపదకు ఏ హానీ కలగకుండా, ప్రజల అవసరాలను కూడా దృష్టిలో పెట్టుకుని, సమగ్ర ప్రణాళికతో తరలించాం మేడమ్."

అధ్యక్షురాలి మొహం విప్పారింది. రాష్ట్రంలో ఇంతవరకూ ఎవరూ చేయని పని అన్నారు. ఎక్కడికి తరలించారో చూపించమన్నారు. అందరూ మళ్లీ పైడయ్య వైపు తిరిగారు. ఆయన ఊరంతా మనసులో గాలించుకున్నాడు. బూడిద రోడ్లు, బూడిద మేడలు, మేకలు తినేసిన చట్రాలు. ఇంత పెద్ద ఊళ్లో పచ్చగా ఉన్న నీళ్లు ఆయన కంటపడింది ఒక్కచోటే. చెప్పకూడదని అనుకుంటూనే చెప్పేశాడు.

"కుక్కల విభాగానికండి."

కార్లన్నీ కట్టగట్టుకుని చెత్త యార్డు వెనక్కి వెళ్లాయి. ఉన్నపళంగా పెట్టిన ప్రయాణం కావడంతో జోగారావుకు గీతలు వేసే వ్యవధి దొరకలేదు, కాబట్టి తొట్టి తొట్టిలాగే ఉంది. పుదీనా పచ్చడి లాంటి నీళ్లు, చుట్టూ కుక్కలు. ఫొటోలో అంత పెద్దగా ఉన్నది ఇంత చిన్నదయ్యిందేమని అధ్యక్షురాలు అడిగితే, ప్రయాణం బడలిక వల్ల కాస్త ముడుచుకుందని కాదంబరి గారు విన్నవించారు. ఒక కుక్క వచ్చి తొట్టిలో నీళ్లు తాగింది. వృక్షజాలమూ జంతుజాలమూ ఒక్కచోట ఇంత సామరస్యంగా ఉండడం తన సర్వీసులో చూడలేదని అధ్యక్షురాలు మురిసిపోతూ అన్నారు. అక్కడికక్కడే గంటవరానికి మొదటి బహుమతి ప్రకటించారు.

అంతా చప్పట్లు కొట్టారు. పైడయ్య గేటు బయటే నిలబడి, అందరికంటే గట్టిగా కొట్టాడు. కొలను తెరుచుకుంది, బదిలీ తప్పింది, బహుమతి కూడా వచ్చింది. సంతోషం పట్టలేక కళ్లు చెమర్చాయి.

"ఒక్క మాట," అన్నారు అధ్యక్షురాలు, కారెక్కబోతూ ఆగి. "తరలించిన హరితం కొత్తచోట నిలదొక్కుకోవాలంటే దానికి తెలిసిన చెయ్యి కావాలి. మొదట్నుంచీ దీన్ని సాకినవారు ఎవరో వారినే దీని దగ్గర ఉంచండి. అప్పుడే బహుమతి ఖాయం చేస్తాను."

కమిషనర్‌గారు పైడయ్య భుజం మీద ఆప్యాయంగా చెయ్యి వేశారు. ఇది బదిలీ కాదని, గౌరవమని చెప్పారు. అదనంగా ఒక ఉత్తర్వు కూడా ఇచ్చారు. కొలను సంగతి కళ్లారా చూశారు కాబట్టి, కుక్కల విభాగం గేటు లోపలికి ఇకమీదట బ్లీచింగు రానివ్వకూడదు, ఒక్క వీఐపీ రాక సందర్భంలో తప్ప. వీఐపీ గీతలను ఆపే అధికారం కమిషనర్‌గారికి కూడా లేదు.

ఇప్పుడు కొలనులో భానుమతమ్మ బ్యాచి రోజూ ఈత కొడుతోంది. పైడయ్య గోనెసంచి తొడుక్కుని, తొట్టి పక్కన ఎత్తు బల్ల మీద కాళ్లు ముడుచుకు కూర్చుని ఉంటాడు. నల్ల కుక్క బల్ల కింద పడుకుని ఆయన కోసం తోక ఊపుతూ ఉంటుంది. పాచి ఉన్నన్నాళ్లూ ఆయన అక్కడే. అందుకే గంటవరానికి ఏ పెద్దమనిషి వస్తున్నాడని తెలిసినా, మంత్రైనా సరే, వార్డు మెంబరు బావమరిదైనా సరే, అందరికంటే ముందు కుక్కల విభాగం నుంచి ఆహ్వానం వెళ్తుంది. ఒక్కసారి వచ్చి చూసి పొమ్మని, వీలైతే తొట్టిలోంచి నడిచి వెళ్లమని.